రేసు కారు మోడల్‌కు అసలు రంగు ఏది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రంగుల మీదే ఉన్నాయి. అందరూ అడిగింది దాదాపు ఒకటే: "ఏ నంబరు పెయింటు కొనాలి?" నంబరు చివర్లో తేలే సంగతి. ఏ సంవత్సరపు కారు, కింద ఏ ప్రైమర్, ఏ వెలుతురులో చూస్తారు అన్నవి ముందు తేల్చుకోవాలి. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగయ్యాయి.

ప్రశ్న: జపాన్ కంపెనీ టామియా వాళ్ళ 1/20 (అసలు కారులో ఇరవయ్యో వంతు) మెక్‌లారెన్ ఎంపీ4/6 ఫార్ములా వన్ (ఎఫ్1) కారు కిట్టు కడుతున్నాను. ఒక ఫొటోలో కారు నిఖార్సైన ఎరుపు, ఇంకోదాంట్లో నారింజకు దగ్గర. రెండూ 1991 కార్లే. దేన్ని నమ్మేది సార్?
— భవానీ నగర్, తిరుపతి

జవాబు: రెండూ నిజమైన ఫొటోలే. ఆ కారు మీద ఉన్నది మామూలు ఎరుపు కాదు, ఫ్లోరోసెంట్ ఎరుపు. ఎండలో ఎదురుగా నిలబడి చూస్తే నారింజ వైపు మొగ్గి, లోపల దీపం పెట్టినట్టు వెలుగుతుంది. ఈ రకం రంగు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని, కొంత నీలి, ఆకుపచ్చ కాంతిని పీల్చుకుని దాన్ని ఎర్ర కాంతిగా తిరిగి వదులుతుంది. ఆ కాలపు ఫిల్ముకీ టీవీ కెమెరాకీ ఆ అదనపు వెలుగు సరిగ్గా అందేది కాదు. అందుకే తెర మీద అది సిగరెట్ పెట్టె ఎరుపులా కనబడేది. కారుకు స్పాన్సరైన సిగరెట్ కంపెనీకి కావలసిందీ అదే. 1988లో 16 రేసుల్లో 15 గెలిచిన మెక్‌లారెన్ ఎంపీ4/4కూ ఇదే మాట వర్తిస్తుంది.

కాబట్టి మామూలు ఎరుపు వేస్తే మోడల్ టీవీలో చూసిన కారులా ఉంటుంది, ఫ్లోరోసెంట్ వేస్తే పిట్ లేన్‌లో నిలబడి చూసిన కారులా ఉంటుంది. మా ఓటు రెండోదానికే. పెయింటు టామియా టీఎస్-36 ఫ్లోరోసెంట్ రెడ్ (టీఎస్ అంటే స్ప్రే డబ్బాలు) గానీ, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్ను) ఉంటే మిస్టర్ కలర్ 171 గానీ తీసుకోండి. బ్రిటన్‌కు చెందిన జీరో పెయింట్స్, స్పెయిన్‌కు చెందిన గ్రావిటీ కలర్స్ రేసు కార్లకే ప్రత్యేకంగా కలిపిన రంగులు అమ్ముతాయి. తెప్పించుకునే ఓపిక, డబ్బు ఉంటే అవి ఇంకా దగ్గరగా కుదురుతాయి.

ఇబ్బంది పెయింటు కొనడంలో కన్నా వేయడంలోనే ఎక్కువ. ఫ్లోరోసెంట్ రంగు దాదాపు పారదర్శకం. కింద ఏముంటే అది పైకి కనబడుతుంది. బూడిద రంగు ప్రైమర్ మీద వేస్తే ఇటుక రంగుకు దిగిపోతుంది. అందుకని బాడీని గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, ఆరాక తెల్ల ప్రైమర్, దాని మీద టీఎస్-26 ప్యూర్ వైట్ లేదా సీసాలో వచ్చే ఎల్‌పీ-2 వైట్ మొత్తం కొట్టండి. ఒక రోజంతా ఆరనివ్వండి. తర్వాత తెల్లగా మిగలాల్సిన చోట మాస్కింగ్ టేపు వేసి, టేపు అంచు మీద మళ్ళీ తెలుపే పొగలా పలచగా ఒక్కసారి కొట్టండి. టేపు కిందికి ఏదైనా పాకితే తెలుపే పాకుతుంది, ఎరుపు గీత కత్తితో కోసినట్టు వస్తుంది.

ఇక ఎరుపు. ఎయిర్‌బ్రష్‌తో అయితే ఒక పాలు పెయింటుకు ఒకటిన్నర పాళ్ళు లెవలింగ్ థిన్నర్ (నెమ్మదిగా ఆరి పొరను చదును చేసే థిన్నర్), గాలి ఒత్తిడి 15 పీఎస్‌ఐ, దూరం 10 నుంచి 12 సెంటీమీటర్లు. పలచగా నాలుగైదు కోట్లు, కోటుకూ కోటుకూ పది నిమిషాలు. పారదర్శకం కాబట్టి కోటు మందమే ఇక్కడ రంగు. బాడీకి నాలుగు కోట్లు, రెక్కకు రెండు కోట్లు వేస్తే అవి రెండు వేర్వేరు కార్ల భాగాల్లా ఉంటాయి. ఎరుపు పడే ప్రతి ముక్కనూ పుల్లలకు గుచ్చి, ఒకే పూట, ఒకే వరసలో, ఒకే లెక్కన కొట్టండి. ఒక భాగాన్ని రేపటికి వదిలితే మళ్ళీ కుదరదు.

ఆరాక అది గరుకుగా, మెరుపు లేకుండా కనిపిస్తుంది. కంగారుపడి వాటర్ పేపర్ పట్టుకోవద్దు. రుద్దిన చోట పొర పలచబడి తెల్లటి మచ్చ తేలుతుంది. ముందు క్లియర్ (రంగులేని పై పూత) రెండు పొగ కోట్లు, అంటే పొగలా పలచగా, తర్వాత ఒక తడి కోటు. రుద్దాల్సి వస్తే ఆ క్లియర్‌నే, 2000 నంబరు వాటర్ పేపర్‌తో. ఎండ తగిలితే ఈ రంగు మిగతా అన్నిటికన్నా ముందు వెలిసిపోతుంది. పై కోటుకు యూవీ కట్ అని రాసి ఉన్న క్లియర్ వాడి, మోడల్‌ను కిటికీ పక్కన పెట్టకుండా చూసుకోండి.

డీకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే అచ్చు గుర్తులు) కూడా చూసుకోవాలి. పొగాకు బ్రాండు అక్షరాలు కిట్టులో రావు, విడిగా కొంటారు. ఆ షీటులో ఎర్ర పట్టీలు కూడా అచ్చు వేసి ఉంటే వాటిని వాడకపోవడమే మంచిది. అచ్చు ఎరుపు, మీరు కొట్టిన ఎరుపు పక్కపక్కన పడితే తేడా గది అవతల నుంచే తెలుస్తుంది. ఎరుపంతా పెయింటుతో, అక్షరాలు మాత్రం డీకాల్‌తో కానివ్వండి.

పూర్తయ్యాక గదిలో ఎల్‌ఈడీ ట్యూబు కింద చూసి "వెలుగు లేదే" అనుకుంటారు. ఆ ట్యూబులో అతినీలలోహిత కాంతి దాదాపు ఉండదు. వరండాలోకి తెచ్చి చూడండి, అప్పుడు లేచి కూర్చుంటుంది.

ప్రశ్న: రంగు చార్టు ఫోన్‌లో చూసి ఎంచుకోవచ్చా? షాపుదాకా పోయే తీరిక ఉండదు.
— గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: కుదరదు. మీ ఫోనూ మీ మిత్రుడి ఫోనూ పక్కపక్కన పెట్టి ఒకే ఫొటో చూడండి, ఎందుకో తెలిసిపోతుంది. తెర ప్రకాశం, కళ్ళకు హాయిగా ఉండే రాత్రి మోడు, కెమెరా వైట్ బ్యాలెన్స్ ఒక్కొక్కటీ రంగును ఒక్కో పక్కకు లాగుతాయి.

ఫొటోను మాత్రం వేరే రకంగా వాడుకోవచ్చు. అందులో మీకు ఖాయంగా తెలిసిన రంగు ఒకటి వెతకండి: తెల్ల నంబరు బిళ్ళ, నల్ల టైరు, బూడిద రంగు తారు. తెలుపు పసుపు పచ్చగా కనబడితే ఎరుపు కూడా అటే జరిగిందని అర్థం. ఒకే రేసువి, వేర్వేరు ఫొటోగ్రాఫర్లు తీసినవి నాలుగైదు పెట్టుకుంటే మధ్యస్తంగా ఒక అంచనా వస్తుంది. మ్యూజియంలో ఉన్న కారు కదా అని ఇప్పటి ఫొటోను గుడ్డిగా నమ్మొద్దు. పాత రేసు కార్లలో చాలా వాటికి మళ్ళీ రంగు వేశారు. వేసినవాళ్ళు కూడా మనలాగే పాత ఫొటోలు చూసే వేశారు.

పోల్చుకునేది ఎప్పుడూ వేసి ఆరిన రంగుతోనే. కిట్టులో వాడకుండా మిగిలే భాగాలు ఉంటాయి, వాటి మీద వేసి చూడండి. ప్లాస్టిక్ స్పూన్ల మీద వేసి చూడటం మోడలర్లకు పాత అలవాటు. అయితే 2022 జూలై 1 నుంచి వాటిపై నిషేధం ఉంది కాబట్టి ఇంట్లో పాతవి మిగిలి ఉంటేనే. అందులోనూ ఒక తిరకాసు ఉంది. వంచితే టక్కున విరిగేది పాలిస్టైరీన్, కిట్టు ప్లాస్టిక్ కూడా అదే కాబట్టి పనికొస్తుంది. విరక్కుండా వంగి తెల్లబడేది పాలీప్రొపిలీన్, దాని మీద పెయింటు పొట్టులా ఊడిపోతుంది.

చూసే వెలుతురు ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య, నేరుగా ఎండ పడని ఉత్తరపు వాకిలి. ఎల్‌ఈడీ కింద ఒకేలా ఉన్న రెండు ఎరుపులు బయటికి తెస్తే విడిపోవడం మామూలే. అంతిమంగా మోడల్ ఉండేది అద్దాల బీరువాలో, ఎల్‌ఈడీ కింద అయితే, చివరి ఎంపిక ఆ వెలుతురులోనే చేసుకోండి. మీరు రోజూ చూసేది అక్కడే కదా.

ప్రశ్న: టామియాలో ఇటాలియన్ రెడ్, బ్రైట్ రెడ్, ప్యూర్ రెడ్ అని మూడు ఎరుపులు ఉన్నాయి. ఫెరారీకి ఏది?
— మదనపల్లె

జవాబు: ఏ ఫెరారీ అన్నది ముందు చెప్పాలి. టీఎస్-8 ఇటాలియన్ రెడ్ కాస్త లోతైన, నారింజ ఛాయ లేని ఎరుపు. రోడ్డు ఫెరారీలకూ, స్పాన్సర్ల కాలానికి ముందటి రేసు కార్లకూ బాగా నప్పుతుంది. టీఎస్-49 బ్రైట్ రెడ్ దానికన్నా తేటగా, వెచ్చగా ఉంటుంది. 1997 నుంచి ఫెరారీ ఎఫ్1 కార్ల ఎరుపు నారింజ వైపు జరిగింది. షూమాకర్ కాలపు ఎఫ్2001 లాంటివి కడుతుంటే బ్రైట్ రెడ్‌తో మొదలుపెట్టి, అందులో ఫ్లోరోసెంట్ రెడ్ పదింట ఒక వంతు కలిపి చూడండి. టీఎస్-86 ప్యూర్ రెడ్ ఈ రెండింటికీ మధ్యలో నిలుస్తుంది. ఎయిర్‌బ్రష్ ఉన్నవాళ్ళకు ఇవే రంగులు సీసాల్లో ఎల్‌పీ-21, ఎల్‌పీ-50, ఎల్‌పీ-7 నంబర్లతో వస్తాయి.

2019 ఎఫ్1 కారు ఎస్ఎఫ్90 అయితే మెరుపే ఉండదు, మ్యాట్ ఎరుపు. బరువు తగ్గించడానికి అలా చేశారు. 2020లో ముజెల్లో రేసుకు, అది ఫెరారీకి వెయ్యో గ్రాండ్ ప్రి, కారు ముదురు బుర్గండీ రంగులో వచ్చింది. ఆ ఒక్క రేసుకే. కాబట్టి డీకాల్ షీటు ఏ రేసుదో చూడకుండా ఎరుపు కొనకండి.

ఎరుపు కింద ప్రైమర్ విషయంలో చాలామంది పొరబడతారు. ఒకే సీసాలోని ఎరుపు నాలుగు ప్రైమర్ల మీద నాలుగు రకాలుగా ఉంటుంది. తెలుపు మీద తేటగా, కాస్త పలచనగా. బూడిద మీద మురికిగా, అది కప్పడానికి మరో రెండు కోట్లు అదనం, అప్పటికి ప్యానెల్ గీతలు పూడిపోతాయి. టామియా గులాబీ ప్రైమర్ మీద వెచ్చగా, నిండుగా, తక్కువ కోట్లలోనే కప్పుతుంది. ఆక్సైడ్ రెడ్ మీద బరువైన, పాతకాలపు ఎరుపు. 1950లు, 60ల కార్లకు అది అందంగానే ఉంటుంది. మామూలుగా అయితే గులాబీ వాడండి.

కిట్టు ప్లాస్టిక్కే ఎర్రగా అచ్చు వేసి ఉంటే ఇంకో ప్రమాదం. ల్యాకర్‌లోని (టీఎస్, ఎల్‌పీ రకం పెయింటులోని) థిన్నర్ ఆ ఎర్ర రంగును కరిగించి పైకి లాగుతుంది. తెల్ల గీత వేసిన నాలుగు రోజులకు అది గులాబీ రంగులోకి మారుతుంది. అలాంటి బాడీకి ముందు వెండి రంగు ఒక పలుచటి కోటు వేసి, దాని మీద ప్రైమర్ వేస్తే ఆగుతుంది.

ప్రశ్న: రేణిగుంట రోడ్డులో కార్ల పెయింటు కలిపి ఇచ్చే షాపులు ఉన్నాయి. పోర్షే 917 గల్ఫ్ నీలం అక్కడ కలిపించుకోవచ్చా? మోడల్ పెయింటు చెన్నై నుంచి రావడానికి రోజులు పడుతోంది.
— తిరుపతి

జవాబు: కలిపించుకోవచ్చు. మెటాలిక్ కాని రంగులకు ఇది మంచి దారి కూడా. స్ప్రే డబ్బాలు విమానంలో ఎక్కించరు కాబట్టి కొరియర్ రోడ్డు మార్గంలోనే రావాలి, ఆలస్యం అందుకే.

షాపుకు ఫోన్ ఫొటో పట్టుకెళ్ళొద్దు. రంగు కొలిచే యంత్రానికి నాలుగైదు సెంటీమీటర్లన్నా చదునుగా ఉండే, రంగు వేసిన ముక్క కావాలి. మీ దగ్గర మంచి డైకాస్ట్ కారు (లోహపు బొమ్మ కారు) ఉంటే దాని ఇంజను మూత లాంటి చదును భాగం పనికొస్తుంది. యంత్రం ఇచ్చిన ఫార్ములాను యథాతథంగా ఒప్పుకోకుండా, ఒక అట్టముక్క మీద వేయించి, ఆరాక, షాపు బయట నీడలో పోల్చి చూడండి. తడి పెయింటు ఎప్పుడూ మోసం చేస్తుంది, ఆరితే ఛాయ మారుతుంది. 100 మిల్లీలీటర్లు చాలు, 1/24 కార్లు చాలానే అవుతాయి.

గల్ఫ్ నీలం గురించి ఒక మాట. ఆ లేత నీలం మొదట ఈ కార్లకు స్పాన్సరైన గల్ఫ్ ఆయిల్ కంపెనీది కాదు. గల్ఫ్ రంగులు ముదురు నీలం, నారింజ. గల్ఫ్ వాళ్ళు తాము కొన్న విల్‌షైర్ ఆయిల్ అనే కంపెనీ లేత నీలం బాగుందని దాన్ని రేసు కార్ల మీదికి తెచ్చారు. 1967 మిరాజ్, 1968, 69 లె మాన్స్ గెలిచిన ఫోర్డ్ జీటీ40, తర్వాత 1970 డేటోనా గెలిచిన 917, అన్నీ ఈ కుటుంబమే. ఇది తెలుపు ఎక్కువ ఉన్న నీలం. షాపులో కలిపేటప్పుడు ఆకుపచ్చ చుక్క ఎక్కువ పడితే స్విమ్మింగ్ పూల్ రంగు వస్తుంది, అది గల్ఫ్ కాదు. నారింజ కూడా ఎర్ర నారింజ కాదు, బంతిపూవు వైపు ఉండాలి. రెండూ ఒకే రోజు, ఒకే చోట కలిపించండి. విడివిడిగా సరిపోయినవి పక్కపక్కన పెడితే తేలిపోవడం ఉంటుంది.

ఏ రకం పెయింటు అడగాలి? ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ ల్యాకర్) అయితే దాని థిన్నర్ కిట్టు ప్లాస్టిక్‌ను తినేస్తుంది. ఉపరితలం మీద సన్నటి బీటలు, మబ్బు తేలడం దాని గుర్తులు. కిట్టు ఫ్రేము ముక్క మీద ఒక చుక్క థిన్నర్ వేసి అర నిమిషం తర్వాత గోటితో గీరండి. జిగటగా ఉంటే నేరుగా వేయకూడదు. మోడల్ ప్రైమర్ రెండు కోట్లు వేసి పూర్తిగా ఆరాక, పెయింటును మోడల్ థిన్నర్‌తో పలచన చేసి, తడి కోట్లు కాకుండా పొగ కోట్లతో మొదలుపెట్టండి. 1కే (హార్డెనర్ కలపకుండా వేసే) బేస్ కోటు దొరికితే ఎన్‌సీ కన్నా మేలు. పలచటి పొర, త్వరగా ఆరుతుంది. మెరుపు పైన వేసే క్లియర్‌తో వస్తుంది.

2కే పీయూ క్లియర్ (హార్డెనర్, అంటే గట్టిపరిచే ద్రవం, కలిపి వేసే పాలీయురేథేన్) అద్దంలా వస్తుంది, నిజమే. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకు ఒకసారి పడకపోతే ఆస్తమా శాశ్వతంగా ఉండిపోవచ్చు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు దాన్ని ఆపవు. ఇంటి బాల్కనీలో దాన్ని కొట్టొద్దు. టింకరింగ్ షెడ్డులో పెయింటు కొట్టే గది (స్ప్రే బూత్) ఉంటే అక్కడి మనిషి చేత కొట్టించండి, లేదా టీఎస్-13 క్లియర్‌తో సరిపెట్టుకోండి. మామూలు ల్యాకర్లకైనా ఆవిరిని ఆపే కార్బన్ గుళికల మాస్కు తప్పనిసరి.

ఇక మెటాలిక్, వెండి రంగులు షాపులో కలిపించొద్దు. అసలు కారు పెయింటులోని అల్యూమినియం రేకు సుమారు 30 మైక్రాన్లు ఉందనుకోండి. 1/24 మోడల్ మీద అది అసలు కారు లెక్కలో 24 రెట్లు, అంటే దాదాపు ముప్పావు మిల్లీమీటరు. మెర్సిడెస్ మీద పండగ తళుకులు చల్లినట్టుంటుంది. వెండికి మోడల్ పెయింట్లే వాడాలి, వాటి రేకు సన్నం. టీఎస్-17 గ్లాస్ (మెరిసే) అల్యూమినియం, టీఎస్-30 సిల్వర్ లీఫ్ రెండూ నమ్మదగ్గవి. వెండిని ఎప్పుడూ ఒకే దిశలో కొట్టండి. బాడీని అటూ ఇటూ తిప్పి కొడితే రేకులు వేర్వేరు వైపులకు పడుకుని తలుపు ఒక రంగు, బానెట్ ఒక రంగుగా కనబడతాయి.

ప్రశ్న: నవంబరులో నలుపు మీద క్లియర్ కోటు కొడితే పైన తెల్లగా మబ్బు పట్టింది. పెయింటు పాడైపోయిందా?
— పుత్తూరు

జవాబు: పెయింటు బాగానే ఉంది, గాలి బాగాలేదు. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ల్యాకర్‌లోని థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి పొర మీద నీరు చేరి లోపలే చిక్కుకుంటుంది. ఆ తెల్ల మబ్బు అదే.

పొడి వాతావరణం వచ్చాక లెవలింగ్ థిన్నర్ లేదా రిటార్డర్‌ను (ఆరడాన్ని నెమ్మదింపజేసే ద్రవాన్ని) ఒక్కటే, పొగలాగ, పైన కొట్టండి. పొర కాస్త మెత్తబడి నీరు బయటికి పోతుంది, మబ్బు చాలావరకు విడిపోతుంది. ముందుజాగ్రత్తగా చవకైన తేమ మీటరు ఒకటి గోడకు తగిలించండి. 70 శాతం దాటితే ఆ రోజు పని మాస్కింగు, డీకాల్సే. తప్పనిసరి అయితే పెయింటులో పదింట ఒక వంతు రిటార్డర్ కలిపి, పలచటి కోట్లు వేయండి.

మే నెలలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం పెయింటు బొట్టు గాల్లోనే సగం ఆరి, బాడీ మీద ఇసుకలా పడుతుంది. వేకువనే కొట్టండి, దూరం రెండు సెంటీమీటర్లు తగ్గించండి, థిన్నర్ కాస్త పెంచండి. స్ప్రే డబ్బాను గోరువెచ్చటి నీళ్ళలో పెట్టమని చలిదేశాల వాళ్ళు రాస్తారు. ఇక్కడి వేసవిలో దాని అవసరం లేదు. ఎండలో నిలిపిన కారులో మాత్రం డబ్బా వదిలేయకండి, పేలుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్ళు. నారాయణ్ కార్తికేయన్ 2005లో నడిపిన పసుపు జోర్డాన్ లాగా ఒక ఎఫ్1 కిట్టుకు రంగు వేస్తానంటున్నాడు. ఎయిర్‌బ్రష్ లేదు, అపార్ట్‌మెంటులో స్ప్రే కొట్టనివ్వను. బ్రష్‌తో పసుపు వస్తుందా?
— కె.టి. రోడ్, తిరుపతి

జవాబు: వస్తుందండీ, ఓపిక ఉంటే. స్ప్రే వద్దన్నది మంచి నిర్ణయం. నీటితో కలిసే ఆక్రిలిక్ పెయింట్లు, వల్లెహో లాంటివి, తెప్పించండి. వాసన తక్కువ, బ్రష్ నీళ్ళతోనే కడగొచ్చు.

అన్నిటికన్నా మొండి రంగు పసుపే, కింద ఉన్నదాన్ని అంత త్వరగా కప్పదు. నల్ల లేదా బూడిద ప్లాస్టిక్ మీద నేరుగా వేస్తే పాచి పట్టిన ఆకుపచ్చలా కనబడుతుంది. అందుకని బ్రష్‌తో వేసే తెల్ల ఆక్రిలిక్ ప్రైమర్ రెండు కోట్లు, దాని మీద లేత గులాబీ ఒక కోటు. తెలుపులో ఎరుపు బొట్టు కలిపితే సరిపోతుంది. గులాబీ ఎందుకంటే దాని మీద పసుపు వెచ్చగా, నిండుగా నిలుస్తుంది. ఆ మీద పసుపు, పాల చిక్కదనంలో, అయిదారు కోట్లు. పావు అంగుళం వెడల్పున్న మెత్తటి చదును బ్రష్, గీతలు ఒకే దిశలో. ఒక కోటు సగం ఆరాక దాని మీద మళ్ళీ బ్రష్ పెడితే కింది పొర లేచి గుంటలు పడతాయి. గంట ఆగి తర్వాతి కోటు, ఈలోగా హోంవర్కు చేసుకోవచ్చు.

జోర్డాన్ పసుపు నిమ్మపండు పసుపు కాదు, మామిడిపండు పసుపు అసలే కాదు. రెంటికీ మధ్య, శుభ్రమైన మధ్యస్తపు పసుపు. ఆకుపచ్చ ఛాయ ఉన్న లెమన్ ఎల్లో సీసా కొంటే అందులో నారింజ ఒక్క బొట్టు కలిపి సరిచేయండి. టీఎస్-34 కేమెల్ ఎల్లో ముదురు పసుపు, 1987 లోటస్‌కు అది సరే కానీ దీనికి వద్దు. కారు నంబరు 19. ఇండియానాపోలిస్‌లో నాలుగో స్థానం వచ్చింది ఆ ఏడాదే, ఆ రోజు ఆరు కార్లే పరుగెత్తాయి.

ప్రశ్న: జాన్ ప్లేయర్ సిగరెట్ బ్రాండు వేసుకున్న లోటస్ 72 రేసు కారుకు నలుపు ఏదైనా పరవాలేదా?
— పలమనేరు

జవాబు: బాడీకి టీఎస్-14 మెరిసే నలుపు, అంతే. మోడల్ చిన్నది కదా, నలుపును బూడిదతో తగ్గించాలని కొందరు చెబుతారు. యుద్ధ ట్యాంకులకు అది సరే. పాలిష్ చేసిన రేసు కారు బాడీకి వద్దు. టైర్లకు మాత్రం అదే నలుపు వేయొద్దు, రబ్బరు ఎప్పుడూ ముదురు బూడిద. బాడీ, టైరు, కాక్‌పిట్ మూడూ ఒకే నలుపులో ఉంటే కారంతా ఒక్క ముద్దలా కనబడుతుంది. బంగారు గీతలు పెయింటుతో వేయకండి, డీకాల్ వాడండి. బంగారు పెయింటు మీద క్లియర్ పడితే రేకులు కదిలి నలుపులోకి పాకుతాయి.

ప్రశ్న: ఆర్‌సీ కారు (రిమోట్‌తో నడిచేది) పారదర్శక బాడీకి ఇంట్లో మిగిలిన టీఎస్ స్ప్రే వాడొచ్చా?
— శ్రీకాళహస్తి

జవాబు: వాడొద్దు. ఆ బాడీ పాలీకార్బొనేట్, దానికి పీఎస్ అని రాసి ఉన్న డబ్బాలే. టీఎస్ వేస్తే మొదటి గుద్దుకే పెచ్చులూడుతుంది. పీఎస్‌ను కిట్టు ప్లాస్టిక్ మీద కొట్టినా పాడే.

ఈ బాడీకి రంగు లోపలి వైపు వేస్తారు కాబట్టి వరస తలకిందులు. ముందు సన్నటి గీతలు, ముదురు రంగులు, తర్వాత లేతవి. ఫ్లోరోసెంట్, పసుపు, ఎరుపు ఏదైనా సరే, వెనక చివరగా తెలుపు ఒక కోటు తప్పనిసరి. లేకుంటే బయటి నుంచి చూస్తే లోపలి మోటారు, వైర్లు రంగు గుండా నీడలా కనబడతాయి. బయటివైపు అంటించి వచ్చిన రక్షణ పొరను రంగంతా ఆరిన తర్వాతే లాగండి.